ఆవిరిలో వాసన

ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె ముక్కు నుంచి ఏదీ తప్పించుకోలేదు. బట్ట మీద నీళ్లు చిలకరించి పెట్టె ఆనించగానే లేచే ఆవిరిలో చెమట, సెంటు, సిగరెట్టు దేనికదే బయటపడుతుంది. వీధిలోవాళ్ల గుట్లన్నీ కడుపులో దాచుకునే మనిషి, పదహారేళ్ల కొడుకు స్కూలు కోటును మాత్రం రోజూ సాయంత్రం రెండుసార్లు వాసన చూస్తుంది. వాడు వంతెన కింద చేరి సిగరెట్లు కాల్చే కుర్రాళ్లతో తిరుగుతున్నాడని ఆమె అనుమానం.

"ఏదీ, నోరు తెరువు."

"చెల్లిని ఎప్పుడైనా అడిగావా?"

"అది బంగారంరా. ఫస్టు మార్కుల పిల్లలతో తప్ప తిరగదు. నాకు పని పెట్టకుండా తన కోటు తనే ఇస్త్రీ చేసుకుంటుంది."

ఒక సాయంత్రం మేకుకు తగిలించి ఉన్న కోటు తీసి పెట్టె ఆనించింది. గుప్పుమని సిగరెట్టు కంపు లేచింది.

"దొరికావురా. ఇప్పుడేమంటావు?"

"కాలరు తిప్పి చూడమ్మా."

బట్టలు కలిసిపోకుండా కొడుకు కోటుకు ఎర్రదారం, కూతురి కోటుకు నీలిదారం ఆమే కుట్టింది. కాలరు లోపల నీలిదారం కనిపించింది.

లోపలి గదిలోంచి కూతురు గబగబా వచ్చి చెయ్యి చాపింది. "ఇటివ్వమ్మా, నాది నేను చేసుకుంటాగా."

ఆమె కోటు వదల్లేదు. పెట్టె తీసి నిలబెట్టింది.

"ఇలా రా తల్లీ," అంది మెల్లగా. "నోరు తెరువు."