రాళ్ళగుట్ట అవతల వంతపాట

సిర్దారైన మొదటి రోజే చెరకు మిల్లును పస్తు పెట్టబోయిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మా దీవిలోని బ్రిజే వెర్దియేర్ ఊళ్ళో నవ్వనివి ఎడ్లు మాత్రమే. అవెందుకు నవ్వలేదో మీకే తెలుస్తుంది.

సిర్దారంటే చెరకు తోటలో కూలీల మీద మేస్త్రీ. దానికి తలపాగా, చేతికర్ర, మీసం కావాలి. మొదటి రెండూ దొర ఇచ్చాడు. మూడోది నాకింకా మొలవలేదు.

"సాయంత్రం మిల్లు కూత వేసేలోగా బళ్ళు నిండాలి. లేకపోతే రేపు కర్ర వదిలి కత్తి పట్టు" అన్నాడు దొర. మా అమ్మేమో అప్పటికే "మావోడు సిర్దారయ్యాడు" అని ఊరంతా చాటేసింది. పదవి పోతే నా సంగతి సరే, ఆవిడ వీధి మొహం చూడగలదా?

మా తోటలో తెలుగువాళ్ళదొక గుంపు, భోజ్‌పురీవాళ్ళదొక గుంపు. గుంపు పెద్ద పాట ఎత్తుకుంటాడు, తక్కినవాళ్ళు వంత పాడుతూ కత్తి వేస్తారు. నాకది కబుర్లకు సాకులా కనిపించింది. పైగా ఐకమత్యమనే పురుగు బుర్రలో దూరింది. పేకముక్కల్లా అందర్నీ కలిపేశాను. పొలం మధ్యనున్న రాళ్ళగుట్టకు ఇవతల మా గుంపు పెద్ద సన్యాసి మావను, భోజ్‌పురీ పెద్ద రామ్‌ధనీ మనుషులను ఉంచాను. అవతల రామ్‌ధనీని, మావ మనుషులను ఉంచాను. కలిసి ఉంటే కలదు సుఖమన్న పెద్దలు, ఎవరితో కలిసో చెప్పి చావలేదు.

మావ పాట ఎత్తుకున్నాడు: "కొండ మీద మబ్బు లేసెనో..."

వంత తెలియని భోజ్‌పురీవాళ్ళు ఆకాశం వైపు చూశారు. మావ కత్తి దించేశాడు.

"కొట్టు మావా!"

"వంతేదిరా అల్లుడూ?"

"వంత లేకపోతే కత్తి తెగదా?"

"కత్తి తెగుద్ది. సెయ్యే లేవదు."

గుట్ట ఎక్కి అవతల చూద్దును కదా, రామ్‌ధనీ రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "హమార్ ఆద్మీ కహాఁ బా?" అన్నాడు. తన మనుషులేరని అడుగుతున్నాడు. మనవాళ్ళేమో, "పాట అందలేదు సిర్దారూ" అంటూ చేతులు కట్టుకున్నారు.

తెలివైనవాడైతే అక్కడే ఆగేవాడు. నేను పాటను మోసుకెళ్ళడం మొదలుపెట్టాను! మావ చరణం పట్టుకుని గుట్ట ఎక్కడం, రొప్పుతూ అవతల పాడటం, వాళ్ళ వంత తీసుకుని దిగడం. ఈలోగా రామ్‌ధనీ, "మరి నా పాట?" అన్నాడు. అదీ నెత్తికెత్తుకున్నాను. అనగా అనగా రాగమంటారు. నేను అన్నకొద్దీ అది రోగమైంది.

ఖాళీ బండి మీంచి, దాన్ని తోలే జోజెఫ్ తాత ఇక్కడి క్రియోల్ భాషలో అరిచాడు. "బొందియే, ఓరి దేవుడా! సిర్దార్, నువ్వు నోరు మూస్తావా, నా ఎడ్లను విప్పుకుని పొమ్మంటావా? బెదిరి చస్తున్నాయి!"

పొద్దు వాలింది. బళ్ళు నిండలేదు. గొంతు పోయింది, తలపాగా ఏ పొదలో చిక్కిందో తెలియదు. గుట్ట మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తల ఎత్తేసరికి చుట్టూ జనం! నా తమాషా చూడటానికి రెండు వైపుల వాళ్ళూ గుట్ట ఎక్కేశారు. అక్కడ మావకు తన మనుషులు కనిపించారు. ఆగుతాడా? "కొండ మీద మబ్బు లేసెనో!" "మబ్బు కింద మావ లేసెనో!" అని వాళ్ళు అందుకున్నారు. రామ్‌ధనీ బీడీ పారేసి తన వాళ్ళను కేకేశాడు. రెండు గుంపులూ పక్కపక్కనే చెరకు మీద పడ్డాయి. ఒకరి పాటను మించి ఒకరి పాట! నేను చెప్పకుండానే వచ్చిన ఆ ఐకమత్యం చూసి నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ సంతోషం కలిగింది.

మిల్లు కూత వేసేసరికి ఆఖరి బండి కదిలింది. దొర గుర్రం దిగి, "ఎలా చేయించాడు?" అని మావను అడిగాడు.

"పరిగెత్తి, దొరా" అన్నాడు మావ.

దొర వెళ్ళాక మావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కొలువు నిలబడిందిరా అల్లుడూ. ఒక్కటే మాట. నువ్వు పాడకు."

ఆ చెరకు మీద ఒట్టేసి చెబుతున్నాను: పాట ఎత్తేవాణ్ణీ వంత పాడేవాళ్ళనూ మళ్ళీ విడదీయను. బతికుండగా నోరెత్తి పాడను, ఎవరు కాళ్ళు పట్టుకుని బతిమాలినా సరే. ఇంతవరకూ ఎవరూ బతిమాలలేదనుకోండి, అది వేరే సంగతి.