బారసాల సీను

సినిమాల్లో పసిపిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారని ఎవరూ అడగరు. నేను తెచ్చేవాణ్ణి. ప్రొడక్షన్ మేనేజర్‌ని కదా, జూబ్లీహిల్స్‌లో షూటింగుకి బంగళా కావాలన్నా, ఊయల్లో పడుకోబెట్టడానికి నెలల పిల్లాడు కావాలన్నా నా ఫోనే మోగేది. ఒకటి కాదు, రెండు ఫోన్లు, ప్యాంటు జేబుల్లో చెరొకటి. ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్తలో వాటికి ఊపిరాడేది కాదు, నాకూ ఆడేది కాదు. అంతమంది పిల్లల్ని తెచ్చిపెట్టిన నాకు, మధురానగర్‌లో మా అద్దింట్లో మాత్రం పిల్లలు లేరు.

పెళ్ళయి ఆరేళ్ళు. పరీక్షలన్నీ మా ఆవిడకే. సూదులు, స్కానింగులు, మా అమ్మ చెప్పిన ఉపవాసాలు. చిట్టచివర నా వంతు వచ్చింది. ఆ క్లినిక్కు వరండాలో నా పక్కన, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు కూర్చునేవారు. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. బయట జీతాల గురించి గట్టిగా మాట్లాడుకునే కుర్రాళ్ళు అక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. వాళ్ళని చూస్తే నాకు జాలేసేది. నన్ను చూసి వాళ్ళకీ వేసే ఉంటుంది.

రిపోర్టు చూసి డాక్టరు గారు, "కౌంట్ తక్కువుంది, కదలిక ఇంకా తక్కువ. ఫోన్ ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నారు. రెండు జేబులూ తట్టి చూపించాను.

"రేడియేషన్ వల్లేనని నేను చెప్పలేను. అవునన్నవాళ్ళున్నారు, కాదన్నవాళ్ళూ ఉన్నారు. దూరంగా పెడితే పోయేదేముంది? సిగరెట్ మానేయండి. యాంటీఆక్సిడెంట్ టాబ్లెట్లు రాస్తున్నాను, మూడు నెలలు వాడాక మళ్ళీ టెస్ట్ చేద్దాం."

ఆయన చెప్పలేనన్న ముక్క నా చెవికెక్కలేదు. ఫోనే, ఇంకేం కాదు. లోపం నాలో లేదు, నా జేబులో ఉంది. ఎంత హాయిగా ఉందో ఆ ఆలోచన! ఇంటికి వెళ్తూ దారంతా ఫోన్లు కనిపెట్టినవాణ్ణి తిట్టాను. మా ఆవిడ ఆటోలో నా చెయ్యి పట్టుకుని ఊఁ కొడుతూ కూర్చుంది.

మర్నాటినుంచి ఫోన్లు రెండూ గుడ్డసంచీలో వేసి ప్రొడక్షన్ వ్యానులో తగిలించేవాణ్ణి. "ఫోనెత్తని మేనేజర్ నాకెందుకయ్యా?" అని డైరెక్టరు చిరాకుపడేవాడు. చేతికి రావలసిన ఒక సినిమా వేరేవాళ్ళకి పోయింది కూడా. పోతే పోయిందనుకున్నాను. ఇంట్లో ఆవిడ రోజూ దానిమ్మకాయ ఒలిచి గిన్నెలో పెట్టేది. టాబ్లెట్ల డబ్బా మీద చీమతలకాయల్లాంటి అక్షరాల్ని కూడబలుక్కుని చదివేది. "ఏవండీ, వేసుకున్నారా?" అని పూటపూటా ఆరా. ఆ మూడు నెలలూ సంతోషంగా ఉన్నాం. ఒకరోజు పక్కగదిలో బియ్యం బస్తా జరిపి, అక్కడ ఉయ్యాల పడుతుందో లేదోనని జానలతో కొలిచాను. ఆమె నవ్వి, "ముందు దానిమ్మ తినండి," అంది.

రెండో రిపోర్టు వచ్చే రోజున ఫిలింనగర్‌లో బారసాల సీను. టోలిచౌకి నుంచి నేను తెచ్చిన పిల్లాడికి నాలుగో నెల. బారసాలకి అంత పెద్ద పిల్లాడేమిటని ప్రేక్షకులు అడగరు లెండి. లైట్లు వెయ్యగానే వాడు గుక్కపట్టాడు. వాళ్ళమ్మ ఎత్తుకున్నా ఆపలేదు.

అప్పుడే గేటు దగ్గర మా ఆవిడ ఆటో దిగింది. ఫోను చేస్తే నేనెత్తనని తెలుసు గనక, ల్యాబులో రిపోర్టు తీసుకుని నేరుగా వచ్చేసింది. ఏమైందని నేను అడిగేలోపే ఏడుపు వినపడి పిల్లాడి దగ్గరికి వెళ్ళింది.

"జర పట్టుకో అక్కా, చేతులు గుంజుతున్నయి," అని ఆ తల్లి వాణ్ణి అందించింది. మా ఆవిడ భుజాన వేసుకుని, వీపు నిమురుతూ గోడవారగా అటూ ఇటూ తిరిగింది. కాసేపటికి వాడు ఊరుకున్నాడు. వాణ్ణి ఊయల్లో పడుకోబెడితే షాటు అయిపోయింది.

తల్లి బిడ్డని తీసుకుంటూ, "నీ దగ్గర మంచిగ ఊకున్నడు అక్కా. నీకెంతమంది పిల్లలు?" అంది.

నేను వాళ్ళ వెనకే ఉన్నాను. మా ఆవిడ నన్ను చూడలేదు.

"ఒక్కడేనమ్మా. ఐదేళ్ళు నిండాయి. అన్నం దగ్గరే వాడితో పేచీ," అంది.

గొంతులో తడబాటు లేదు. పెళ్ళయిన ఏడాదికే పుట్టి ఉంటే ఆ వయసే. ఆమె చేతిలోని రిపోర్టు కవరు విప్పి చూడవలసిన పని నాకు లేకపోయింది, మార్పేమీ లేదని అర్థమైంది. ఇన్నాళ్ళూ నా కౌంటు, నా పరువు అని ఏడ్చాను. ఆమె మనసులో ఒక పిల్లాణ్ణి పెంచుకుంటోందనీ, వాడు అన్నం తినక మారాం చేస్తున్నాడనీ నాకు తెలియనే తెలియదు.

షూటింగ్ వదిలేసి ఆమెతో పాటే ఆటో ఎక్కాను. వాడి పేరేమిటని అడుగుదామనుకున్నాను. ఏదో ఒక పేరు పెట్టుకునే ఉంటుంది. తర్వాత డాక్టర్లు మారారు, మందులు మారాయి, పిల్లలు పుట్టలేదు. వాడికిప్పుడు పాతికేళ్ళు దగ్గరపడి ఉండాలి. పేరు మాత్రం నేనింకా అడగలేదు.