తూకానికి కూర్చున్న బావమరిది

కదలకుండా కూర్చోవడాన్ని పని అనవచ్చా? ఎన్నేళ్లు గడిచినా తేలని ప్రశ్న ఇది.

ఊళ్లో ఒక షెడ్డు మెకానిక్ స్పోర్ట్స్ కార్ల స్ప్రింగులు, షాకబ్జార్బర్లు సరిచేసేవాడు. వారమంతా వీధి గతుకుల్లో నడుము విరగకూడదు, ఆదివారం రేసు ట్రాక్ మలుపుల్లో బండి ఒరగకూడదు. ఒకే మాటతో అత్తనూ కోడలినీ మెప్పించడం లాంటి పని. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, నడిపే మనిషి బరువు సీట్లో ఉండగానే స్ప్రింగుల ఎత్తు సవరించాలి. అలాంటి ఒక బండి యజమాని డాక్టరు. ఆయనకు కూర్చునే తీరిక లేదు. సరిగ్గా ఆయనంత బరువున్నవాడు మెకానిక్ బావమరిది. ఎక్కడా పట్టుమని నెల నిలవని ఆ మనిషికి అలా ఒక కొలువు కుదిరింది.

దాన్ని అతను తపస్సులా చేశాడు.

"బావా, తుమ్మొస్తోంది. కాటా చూడకు."

"కానియ్."

తమ్ముడు దారిలో పడ్డాడని అక్క పొంగిపోయింది. కూర్చుని కూర్చుని ఒళ్లు హూనమవుతోందని క్యారియర్‌కి ఇంకో గిన్నె తగిలించింది.

కొన్నాళ్లకు డాక్టరు వచ్చాడు. "మలుపుల్లో బండి ఒక పక్కకే మొగ్గుతోందయ్యా."

మెకానిక్ స్ప్రింగులన్నీ విప్పి చూశాడు. లోపం లేదు. చివరికి డాక్టరునే సీట్లో కూర్చోబెడితే గుట్టు రట్టయింది. బావమరిది ఒళ్లు చేశాడు.

"వాడికి తిండి తగ్గించు," అన్నాడు మెకానిక్ ఇంటికెళ్లి భార్యతో.

"మా తమ్ముడి నోటి దగ్గర ముద్ద లాగేస్తారా? ఆ డాక్టరునే నాలుగు ముద్దలు ఎక్కువ తినమనండి."

కొలువు పోతే బావమరిది మళ్లీ గోడకు చేరబడతాడన్న బెంగతో మెకానిక్ ఆ మాటే అడిగాడు. రేసు పిచ్చిలో డాక్టరు సరేనన్నాడు. రోగులందరికీ పథ్యం చెబుతూనే, బల్ల చాటున క్యారియర్ ఖాళీ చేశాడు. బరువులో ఆయన బావమరిదిని దాటిపోయాడు. బావమరిది ఆయన్ని అందుకోబోయాడు. ఆ పోటీలో డాక్టరు ఒకరోజు సీట్లో ఇరుక్కుపోయాడు. బావా బావమరుదులిద్దరూ కలిసి లాగితే గాని ఊడిరాలేదు.

"మనుషులతో కాదు. నేను తగ్గుతాను. నా పాత బరువుకి ఇసుక బస్తా పెట్టు," అన్నాడు డాక్టరు రొప్పుతూ, మెకానిక్‌ను పక్కకి పిలిచి.

ఆ సంగతి బావమరిదికి చెప్పకుండానే మెకానిక్ ఇసుక బస్తా నింపాడు.

మర్నాడు బావమరిది ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. సీట్లో బెల్టు పెట్టుకుని బస్తా కూర్చుని ఉంది. మెకానిక్ చక్రం వెనక తల దాచుకున్నాడు.

"బావా, ఇలా కూర్చుంటే కుదరదు. వెనక్కి ఆనాలి."

బస్తాను సర్దిన చప్పుడైంది. కాటా మీద అంకెలు చక్కగా నిలిచాయి. ఆ మాట చెబుదామని మెకానిక్ తలెత్తేసరికి షెడ్డులో బస్తా తప్ప ఎవరూ లేరు.