రేడియేటర్ బాబాయి

రేడియేటర్ బాబాయికి మనుషుల ముఖాలు గుర్తుండవు. వాళ్ల కార్లలో ఇంజిన్ చల్లబడ్డానికి ఏ కూలెంట్ పోశారో మాత్రం చచ్చినా మరిచిపోడు. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే కాసేపు తికమకపడి, "ఆఁ, మీరా! పోయిన వేసవిలో ఆకుపచ్చ దాంట్లో గులాబీది కలిపారు కదూ?" అని పలకరిస్తాడు.

ఇంతా చేసి ఆయనకు కారు లేదు. నడపడమూ రాదు. ముప్పై ఏళ్లు నీళ్ల పరీక్షల లాబ్‌లో పనిచేసి రిటైరై, సైకిల్ మీద ఊరంతా తిరుగుతాడు.

అన్నగారి కూతురు పాత కారొకటి కొనుక్కుంది. ఆమె కిడ్నీ రోగులకు డయాలసిస్ చేసే కేంద్రంలో నర్సు. ఇంటిల్లిపాదీ సీట్లు నొక్కి చూస్తుంటే బాబాయి తిన్నగా బానెట్ కిందికి దూరాడు.

"ఏ కూలెంట్ పోస్తావే?"

"ఎర్రది బాబాయ్. కారూ ఎర్రదేగా, మ్యాచింగ్‌గా ఉంటుంది."

బాబాయి గుండె పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. "రంగు చూసి కూలెంట్ కొనడమూ, చొక్కా చూసి అల్లుణ్ణి తెచ్చుకోవడమూ ఒకటేనే తల్లీ! ఒక్కో కంపెనీ తనకు తోచిన రంగు కలుపుతుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం రాశారో చూసి, అదే పోయాలి."

"పుస్తకం లేదు. పాత కారు కదా."

మర్నాడే ఆయన సైకిలేసుకుని సర్వీసు సెంటరుకు వెళ్లి, ఆ పేజీ చేత్తో రాసుకొచ్చాడు. ఆపైన విడిభాగాల దుకాణంలో రెండు గంటలసేపు డబ్బాల వెనక అక్షరాలన్నీ చదివాడు. దుకాణదారుకు విసుగొచ్చింది.

"అయ్యా, ఇది మీరు తాగడానికి కాదండీ!"

"నాకు పడకపోతే నోరు తెరిచి చెబుతాను. ఇంజిన్‌కి నోరేదయ్యా?"

అంతటితో ఆగితే ఆయన రేడియేటర్ బాబాయి ఎందుకవుతాడు? అమ్మాయి కారు ఎలా ఉందో చూడ్డానికని ఒకరోజు ఉదయం కేంద్రానికి వచ్చాడు. ఆవరణలో ఇరవై కార్లు బారులు తీరి కనిపించాయి. ఆకలిగొన్నవాడికి విస్తరి వేసినట్టయింది. అది మొదలు రోజూ ఏడింటికల్లా హాజరు. "ఒక్క నిమిషం బానెట్ తెరవండి. మూత తియ్యను, డబ్బాలోకి చూస్తానంతే!" వద్దన్నవాళ్ల వెంట లిఫ్టు దాకా వెళ్లేవాడు.

ఒకనాడు పెద్దడాక్టరు కారుకే అడ్డం నిలబడ్డాడు. లోపల చూసి, రోగులందరూ వినేలా కేకేశాడు. "ఎంత ఘోరం! డాక్టరై ఉండి పంపు నీళ్లు పోస్తారా? లోపల తుప్పూ గారా పేరుకుపోవూ?"

"రేపట్నుంచి నా బదులు మీరే ఓపీ చూడండి," అన్నాడు పెద్దడాక్టరు. అందరూ పగలబడి నవ్వారు. నర్సమ్మకు తల కొట్టేసినట్టయింది.

"నీకో దండం బాబాయ్! ఇంకెప్పుడూ ఇటు రాకు."

బాబాయి ఏదో చెప్పబోయి మానేసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున, రోగుల్ని తీసుకురావాల్సిన వ్యాను గేటు దాటకముందే ఆవిరి చిమ్మి ఆగిపోయింది. డ్రైవరు నర్సమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. రెండు నెలల్లో రిటైరు కాబోతున్న పెద్దాయన. ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"అమ్మా, మీ బాబాయిగారు రావడం లేదేంటమ్మా?"

"ఆయనెందుకు?"

డ్రైవరు గొంతు తగ్గించాడు. "తెలియక రెండు రకాల కూలెంట్లు కలిపేశానమ్మా. లోపలంతా జిగురులా గడ్డకట్టింది. మేనేజరుకు తెలిస్తే ఆఖర్లో ఈ మచ్చతో ఇంటికి పంపేస్తాడు. మీ బాబాయిగారే కనిపెట్టి, రోజూ పొద్దున్నే ట్రిప్పుకి ముందు దొరికే కాసేపట్లో కొంచెం కొంచెంగా కడుగుతున్నారు. అది పూర్తిగా వదిలేలోపే మానేశారు."

ఆమె వెంటనే బాబాయికి ఫోన్ చేసింది. "నేనొచ్చేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దను, మొహం కాలుతుంది!" అని అరిచి పెట్టేశాడు. ఆమె తన కారులో ఇద్దరు రోగుల్ని తీసుకొచ్చేసరికి, బాబాయి ఒళ్లంతా మడ్డితో వ్యాను కింద ఉన్నాడు. చల్లారాక చెత్తంతా దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో స్వచ్ఛంగా వచ్చేదాకా కడిగి, వ్యాను పుస్తకంలో రాసిన రకం పోశాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఉష్ణోగ్రత ముల్లు సగం దగ్గర నిలిచేదాకా రెప్ప వేయలేదు. మిగతా నలుగురి కోసం వ్యాను బయల్దేరింది.

నర్సమ్మ సబ్బూ తువ్వాలూ తెచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఆరోజు నాతో చెప్పొచ్చుగా?"

"ఆ డ్రైవరు పరువు నాది కాదు కదే, నీకు చెప్పడానికి."

"మరి అందరి ముందూ ఆ గోలేంటి?"

"ఆ వ్యాను ఒక్కదాన్నే రోజూ తెరిస్తే మేనేజరు ఎందుకని అడగడూ? ఊళ్లో బానెట్లన్నీ తెరిచే పిచ్చివాడు దాన్నీ తెరిచాడంటే ఎవడు పట్టించుకుంటాడు?"

"అంటే... పెద్దడాక్టరుగారి కారు కూడా అందుకేనా?"

బాబాయి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"లేదే," అన్నాడు నిజాయితీగా. "అది నా సరదా."