లెక్కలు మానేసిన పిల్ల

పోయిన నెల నుంచి వారానికొకసారి నా కూతురితో కలిసి హనుమకొండలో పిల్లల మనసు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న నా మనవరాలు హాస్టల్ నుంచి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నది లేవడం లేదు, పిలిస్తే పలకడం లేదు, ఇష్టమని ఖీమా వండిపెడితే రెండు మెతుకులు కెలికి పక్కన పెడుతున్నది. వాడకట్టులో అడిగినవాళ్ళకు మా అమ్మాయి కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్తున్నది. ఆటో దిగేటప్పుడు తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని నఖాబు ముఖం మీదికి లాక్కుంటున్నది. నేనేమీ అనను, అప్పటికే అలసిపోయి ఉన్న మనిషిని ఇంకేమంటాను. పిల్ల లోపలికి వెళ్ళాక మేమిద్దరం బయట కుర్చీల్లో కూర్చుంటాం. అలా కూర్చున్నప్పుడల్లా నాకు ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట నా క్లాసులో చదివిన ఒక పిల్ల గుర్తుకొస్తున్నది.

అప్పుడే కొత్తగా ఉద్యోగం వచ్చింది నాకు, వర్ధన్నపేట అవతల ఒక పల్లెలోని హైస్కూల్లో లెక్కల టీచరుగా. రోజూ పొద్దున్నే హనుమకొండలో బస్సెక్కి, మిరపకాయల బస్తాల మధ్య తుమ్ముకుంటూ నిలబడి, దిగాక ఇంకో మైలు నడిచి బడి చేరేదాన్ని. మా ఇంట్లో ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి ఎవరు ఎక్కడ వేలెత్తి చూపుతారోనని లోపల ఒకటే గుబులు, దాన్ని పైకి కనిపించనీయకుండా కఠినంగా ఉండేదాన్ని. హోంవర్కు చెయ్యనివాళ్ళను బెంచీ ఎక్కించేదాన్ని. నా వయసువాళ్ళకు ఇది వింతగా తోచదు, మనమంతా ఎప్పుడో ఒకప్పుడు బెంచీ ఎక్కి నిలబడ్డవాళ్ళమే, పిల్లలు బాగుపడడానికి అదే దారి అని నమ్మినవాళ్ళమే.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. రైతు కుటుంబం, రెండు కిలోమీటర్ల దూరంలో తండ్రి పొలంలోని బావి పక్కనే ఇల్లు. మొదట్లో క్లాసులో అందరికన్నా ముందు లెక్క చేసి పలక చూపినట్టు నోటుబుక్కు ఎత్తి చూపేది. వానాకాలం నాట్లప్పుడు పదిహేను రోజులు బడికి రాలేదు, నాట్లప్పుడు సగం క్లాసు రాకపోవడం మామూలే కనుక నేను పట్టించుకోలేదు. తిరిగొచ్చాక మాత్రం ఆ పిల్ల నోరు తెరవలేదు. పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది, ప్రశ్న అడిగితే కిందికి చూస్తుంది, లెక్కల పుస్తకం తీయమంటే తీయదు. తోటి టీచర్లు పొగరన్నారు, నేనూ పొగరే అనుకున్నాను. బెంచీ ఎక్కించాను. మర్నాడు కూడా ఎక్కించాను. అలా ఎన్ని రోజులో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను, వారమైతే దాటింది. ఎక్కమన్నప్పుడల్లా చెప్పులు విప్పి, బెంచీ మీద మట్టి అంటకుండా జాగ్రత్తగా ఎక్కి నిలబడేది.

మా బడిలో గంట కొట్టి, కుండల్లో నీళ్ళు నింపే ఒక పెద్దామె ఉండేది. పిన్నమ్మ వరస కలిపి అందరం ఖాలా అని పిలిచేవాళ్ళం. చదువు రాదు, భర్త లేడు, పిల్లల్లేరు. బడిలోని ప్రతి పిల్ల ఎవరి బిడ్డో, ఏ పూట తిని వచ్చిందో, ఏ పూట తినలేదో ఆమెకు తెలిసేది. ఒకరోజు మధ్యాహ్నం నేను నమాజు ముగించి లేచేదాకా గుమ్మం దగ్గరే నిలబడి, ఆ తర్వాత మెల్లగా దగ్గరికొచ్చింది.

"బేటీ, జర ఆ పిల్లను బెంచి మీద నిలబెట్టకు. దాని చెల్లె బాయిల పడి సచ్చిపోయింది నాట్లప్పుడు. అవ్వయ్య మడిల ఉంటె ఇదే చెల్లెను చూసుకుంటాంది. గట్టు మీద కూసోని లెక్కలు చేసుకుంట చూడనే లేదట."

ఏ లెక్కలని నేను అడగలేదు. నాట్లు మొదలైనప్పుడు వర్షాలకు బడి రెండు రోజులు మూస్తే పాతిక లెక్కలు ఇచ్చి, ఒక్కటి తప్పినా ఊరుకోనని చెప్పి పంపింది నేనే.

ఆ మధ్యాహ్నం పాఠం ఎలా చెప్పానో తెలియదు. మర్నాటి నుంచి ఆ పిల్లను బెంచీ ఎక్కించలేదు, కానీ ఏం మాట్లాడాలో కూడా తెలియలేదు. ఖాలాకు తెలుసు. లెక్కల గంటలో ఆ పిల్లను తన దగ్గరికి పంపమన్నది. వేపచెట్టు కింద ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఖాలా తనపాటికి తను పాన్ నమిలేది, చీపురు పుల్లలు సవరించేది, ఏమీ అడిగేది కాదు. గంట కొట్టే వేళకు సుత్తి పిల్ల చేతికిచ్చేది. కొన్ని రోజులకు చీపురు కట్టడంలో ఆ పిల్ల కూడా చెయ్యి కలపడం కిటికీలోంచి చూశాను. అక్కడే ఒకనాడు ఖాలాతో రెండు మాటలు అన్నదట. అమ్మ తనతో మాట్లాడడం లేదని, తనే చెల్లెను చంపిందని అమ్మ అనుకుంటున్నదని.

ఆ శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఖాలాను వెంటబెట్టుకుని వాళ్ళింటికి నడిచాను. తల్లి నాకు మంచం వాల్చి, తను కింద కూర్చున్నది. పిల్ల పెరట్లో గిన్నెలు తోముతున్నది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నములుతుంటే ఖాలాయే నేరుగా అడిగింది, బిడ్డతో ఎందుకు మాట్లాడటం లేదని. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ చెప్పింది.

"బుగులైతాంది టీచరమ్మా. ఒకదాన్ని పోగొట్టుకున్న. నోరు జారి ఏదన్న ఒక మాటంటె ఇది గుడ ఆ బాయి కాడికే పోతదేమో అని నోరు కట్టేసుకున్న."

కోపం కాదు, భయం. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు, రెండు నెలలుగా ఒకరికొకరు భయపడుతూ బతుకుతున్నారు తల్లీకూతుళ్ళు. నువ్వు తనను అసహ్యించుకుంటున్నావని బిడ్డ అనుకుంటున్నదమ్మా అని నేను చెప్పగానే ఆమె నా ముఖంలోకి చూసింది. లేచి పెరట్లోకి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఏడుపు మాత్రం వినిపించింది, మొదట ఒకరిది, తర్వాత ఇద్దరిది. ఖాలా నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. ఇక మనకేం పని లేదిక్కడ, బస్సు పోతది నడువు అన్నది.

సోమవారం ఆ పిల్ల రెండు జడలు బిగించి, నూనె కారుతున్న తలతో వచ్చింది. అంతవరకూ తనే ఎలాగో అల్లుకుని వచ్చేది. అయినా లెక్కల పుస్తకం తెరవలేదు, నేనూ తెరవమనలేదు. చలికాలం వచ్చాక ఒకరోజు స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు లోపలికొచ్చి నిలబడింది.

"టీచర్, మా చెల్లెకు రెండో ఎక్కం వచ్చు. నేనే నేర్పిన."

కూర్చో అన్నాను. కూర్చుంది. చెల్లె ఏయే రోజు ఎక్కడిదాకా నేర్చుకున్నదో, ఎక్కడ తప్పు చదివేదో, తప్పు చదివి ఎలా నవ్వేదో గంట కొట్టేదాకా చెప్తూనే ఉన్నది. మళ్ళీ ఎప్పుడూ లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకోలేదు గానీ పదో తరగతి గట్టెక్కింది. తర్వాత నాకు బదిలీ అయి పరకాల వైపు వెళ్ళిపోయాను.

చాలా ఏళ్ళకు హనుమకొండ బస్టాండులో ఒకామె దగ్గరికొచ్చి కాళ్ళు మొక్కబోయింది. పక్కన పదేళ్ళ కూతురు. గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. మొదట అడిగింది ఖాలా గురించే. ఆమె పోయి అప్పటికి మూడేళ్ళయిందని చెప్తే బ్యాగు కింద పెట్టి అక్కడే కూలబడింది. తేరుకున్నాక, ఈ టీచరే నన్ను బెంచి ఎక్కించేదని కూతురికి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అప్పుడు నాకేమీ తెలియదమ్మా అన్నాను.

"మీకు గుడ ఎవరు చెప్పిండ్రు టీచర్, మీరు గుడ చిన్నగనే ఉంటిరి గద" అన్నది.

ఆ మాటతో క్షమించిందో, ఓదార్చిందో ఈనాటికీ తేల్చుకోలేను.

ఇప్పుడు కాలం మారింది. పిల్ల ముభావంగా ఉంటే దానికో పేరున్నది, వినడానికి చదువుకున్న మనుషులు ఉన్నారు, కొన్ని బడుల్లో అందుకోసం గదే ఉన్నదట. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది గానీ, కళ్ళ డాక్టరు దగ్గరికని అబద్ధం చెప్పి మరీ పిల్లను తీసుకెళ్ళాల్సి వస్తున్నందుకు మనసు ఉసూరుమంటుంది. మనవరాలు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. నిన్న కాస్త చాయ్ అడిగి తాగింది, అంతే. తొందరపెట్టవద్దని డాక్టరమ్మ చెప్పింది, మేమూ తొందరపడటం లేదు.

రిటైరయ్యాక పగటిపూట నిద్ర పట్టక కళ్ళు మూసుకుని పడుకుంటే క్లాసులు క్లాసులుగా పిల్లలు కనిపిస్తారు. ఎవరు కూడికల్లో తప్పేవారో, ఎవరికి రేఖాగణితం రాదో, ఎవరికి ఎన్ని మార్కులొచ్చేవో ఇప్పటికీ చాలామందివి చెప్పగలను. వాళ్ళ ఇళ్ళలో ఏం జరుగుతుండేదో మాత్రం ఆ ఒక్క పిల్లది తప్ప నాకేమీ తెలియదు.