రాజోలు బంగారం, అమలాపురం తాకట్టు

నిరుటి మాట. బంగారం మీద అప్పులిచ్చే రాజోలు కంపెనీ ఒకటి, అమలాపురంలోని అలాంటి కంపెనీనే కొనబోతోంది. ఆ కొనుగోలు వద్దనేవాళ్ళ తరఫున హైదరాబాదులోని మా లాయరు ఆఫీసు పనిచేస్తోంది. నేనూ, పక్క బల్ల పద్మజా అందులో జూనియర్లం. గెలిచే పాయింటు ఎవరు తెస్తే వాళ్ళే ఢిల్లీలో ఇలాంటి కొనుగోళ్ళు పోటీని చంపుతాయా అని తేల్చే కమిషన్ ముందు వాదించాలన్నారు మా సీనియర్ గారు.

పద్మజ అంటే నాకు కుళ్ళు. దాచుకోను. ఆమె ఏం రాసినా సీనియర్ గారు తలూపుతారు. నేను రాస్తే కళ్ళజోడు తుడుచుకుంటారు.

ఇలాంటి కేసుల్లో ముందు తేల్చాల్సింది రిలవెంట్ మార్కెట్. ఒకచోట ధర కాస్త పెంచితే జనం ఇంకెక్కడికి మళ్ళుతారో, ఆ చోట్లన్నీ కలిపి ఒక మార్కెట్. పద్మజ మ్యాప్ మీద రెండు ఊళ్ళకీ రెండు సున్నాలు చుట్టి, "ఇవి వేరు వేరు మార్కెట్లు, వీటి మధ్య పోటీయే లేదు, మన అభ్యంతరం నిలవదు" అని తేల్చేసింది. సీనియర్ గారు తలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి అమలాపురం బస్సెక్కాను.

అక్కడి కంపెనీ మెట్ల దగ్గర, గాజులు తాకట్టు పెట్టి దిగుతున్న సత్యవతిగారు కలిశారు. ఆవిడది రాజోలు.

"మీ ఊళ్ళోనే ఇలాంటి కంపెనీ ఉంది కదండీ?"

"ఆయ్, ఉందండీ. దానికెదురిల్లే మా తోటికోడలిది. కిందటేడు దానికి కాసులపేరు చేయించేరు. ఇప్పుడు దాని కళ్ళముందు నేను బోసి చేతులతో మెట్లు దిగాలా?"

"పోనీ, బ్యాంకు?"

"అక్కడ మా మరిదే క్యాషియరండీ."

"ఇక్కడ వడ్డీ కాస్త పెంచితే?"

"సిగ్గు చంపుకుని మా ఊళ్ళోనే పెడతానండీ."

"రెండూ ఒకరివే అయిపోతే?"

"అప్పుడు సిగ్గు చంపుకున్నా ఏం లాభమండీ?"

మర్నాడు రాజోలు వెళ్ళాను. అక్కడ తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్ళలో చాలామంది అమలాపురం వాళ్ళే. వాళ్ళకీ సొంతూళ్ళో ఎవరో ఎదురింటివాళ్ళున్నారు. ఇన్ని బస్సులు అటూ ఇటూ తిరుగుతుంటే రెండు మార్కెట్లెలా అవుతాయి?

సీనియర్ గారు నా నోట్ రెండుసార్లు చదివి, ఢిల్లీ టికెట్ నా పేరు మీద తీయించారు. పద్మజ అభినందించి, "రాజోలు వెళ్తున్నట్టు నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అంది.

మార్కెట్ హద్దుల్ని కిలోమీటర్లు గీయవనీ, మనం ఎవరి కంట పడకూడదనుకుంటామో వాళ్ళే గీస్తారనీ ఆ కేసు నాకు నేర్పింది. నా తోటికోడలు కూర్చునేది పక్క బల్ల దగ్గరే మరి.