దింపుడు కళ్ళం దగ్గర మూడు పిలుపులు

చావు జరిపించడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని మస్కట్ వచ్చాకే నాకు తెలిసింది. పగలు అజైబాలో ఒక ఆఫీసులో కూర్చుని బిల్లులు చూసుకునే మనిషిని. మా బిల్డింగ్‌లో ఒకాయన పోతే నలుగురం శ్మశానానికి వెళ్ళాం. ముందేం చేయాలో, తరవాతేం చేయాలో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకుంటుంటే, అల్ ఖౌద్‌లో కిరాణా అంగడి నడిపే ఓ పెద్దాయన వచ్చి అంతా తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయనది కడప వైపు. ఇక్కడి మనవాళ్ళ చావులకు చాలాకాలంగా ఆయనే పెద్ద. తిరిగి వచ్చేటప్పుడు నన్ను తన కారెక్కించుకుని, "అందరూ సలహాలిస్తాంటే నువ్వొక్కడివే నీళ్ళు మోసినావు. శుక్రవారం అంగడికి రా, నేర్పిస్తా" అన్నాడు. సరేనన్నాను.

ఇక్కడ పోయినవాళ్ళను మామూలుగా పెట్టెలో పెట్టి ఊరికి పంపిస్తారు. కాగితాలు కదలకో, ఇంటివాళ్ళే అక్కడ కానిచ్చేయమన్నందుకో కొందరికి ఇక్కడే దహనం జరుగుతుంది. అప్పుడు చుట్టాలంటూ ఎవరూ ఉండరు. రూమ్‌లో వాళ్ళు, సైట్‌లో వాళ్ళు వస్తారు. పంతులు దొరికితే మంత్రం చదువుతాడు. మిగతాదంతా నడిపించడానికి మనిషొకడు కావాలి.

మొదటి శుక్రవారం నేను ఇంటర్నెట్‌లో దొరికిన శ్లోకాలన్నీ బట్టీపట్టి వెళ్ళాను. ఒకటి సగం వినేసరికే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవన్నీ పంతులు సూసుకుంటాడప్పా. నువ్వు మనుషుల్ని సూసుకో."

మనుషుల్ని చూసుకోవడమంటే ఏమిటో వారాల తరబడి చెప్పాడు, అదీ పప్పులు తూకం వేస్తూ, మధ్యలో గిరాకీలతో బేరమాడుతూ. ముందు ఇంటికి ఫోన్ చేసి మీ వైపు ఎట్లా చేస్తారని అడగాలి. మాది గోదావరి వైపు, ఆ తీరు తీసుకెళ్ళి కరీంనగర్ వాళ్ళ మీద రుద్దకూడదు. వీడియో కాల్ పట్టుకునేవాడు ఇంకో పని ముట్టకూడదు, ఎందుకంటే అక్కడ ఊళ్ళో వాకిట్లో కూర్చున్నవాళ్ళకు అతని చెయ్యే కళ్ళు. పోయినవాడి గురించి నాలుగు మాటలు చెప్పాలి గానీ, చచ్చినవాడి కళ్ళు చారెడని పొగడ్తలకు దిగకూడదు.

"మంచోడు అంటే ఎవుడూ ఏడవడు. చాపల పులుసు బాగా సేస్తాండె అని చెప్పు, అప్పుడు సూడు" అనేవాడు.

ఆయనకు ఓపిక తక్కువ, నాకు అంతకంటే తక్కువ. ఇద్దరం ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో! అన్నిటికంటే పెద్ద పోట్లాట దింపుడు కళ్ళం దగ్గర వచ్చింది. దింపుడు కళ్ళం ఆశ అని మనం ఎన్నికలకూ క్రికెట్‌కూ వాడేస్తాం గానీ, అసలు సంగతి ఇది: శ్మశానానికి వెళ్ళే దారిలో పాడె కిందికి దించుతారు. అయినవాళ్ళు శవం చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా పట్టుకుని ఉంటే లేస్తాడని. ఇక్కడ మనకు ఊరేగింపు దారి లేదు. వ్యాను గేటు దాకా వస్తుంది. గేటు నుంచి కట్టెల దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే, గోడ నీడ పడే ఒక చోటును పెద్దాయన దింపుడు కళ్ళంగా పెట్టుకున్నాడు.

అంగట్లో ఒక బియ్యం బస్తా నేల మీద పడుకోబెట్టి, దాని చెవి దగ్గర వంగి పిలవమన్నాడు. అవతల ఇద్దరు గిరాకీలు చింతపండు వదిలేసి నన్నే చూస్తున్నారు. సిగ్గుతో గొణిగాను.

"బస్తాను పిలిచినట్లు పిలుస్తాండావు. లేస్తాడని పిలు! పిలిచినాక రోంతసేపు ఆగు. లేస్తాడేమో సూడాల గదా."

"బియ్యం బస్తా ఎక్కడ లేస్తుందన్నా?" అని విసుక్కున్నాను.

"పిలిచేవానికి ఆ సంగతి తెలీకూడదు" అన్నాడు. మళ్ళీ పిలిపించాడు.

ఈ ఎండాకాలం మొదట్లో ఖురియాత్ నుంచి కబురొచ్చింది. సైట్‌లో మేస్త్రీగా చేసే జగిత్యాల వైపు మనిషి, ఇంకా నలభై దాటలేదు, రూమ్‌లో నిద్రలోనే పోయాడు. కాగితాలు ఎప్పటికి తేలతాయో ఎవరూ చెప్పలేకపోయారు. అక్కడనే కానియ్యిండ్రి అని అతని తమ్ముడు ఊరి నుంచి చెప్పేశాడు. పెద్దాయనకు మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి. "నువ్వే నడిపియ్యి. నేను ఎనకాల నిలబడతా" అన్నాడు.

ముందురోజు సాయంత్రం నేను ఆ ఇంటికి ఫోన్ చేశాను. తమ్ముడే ఎత్తి అన్నీ వివరంగా చెప్పాడు. ఇక పెట్టేస్తాననగా ఒక ఆడగొంతు ఫోన్ లాక్కుంది. పోయినవాడి భార్య.

"సార్, రేపు దింపుడు కళ్ళం కాడ నేను పిలుస్త. దినాం పొద్దుగాల నేనే ఫోన్ జేసి లేపుతుంటి. అలారం మోగినా లెవ్వకపోతుండె, నేను జేస్తెనే లేస్తుండె. ఆ దినం గూడ జేసిన. మస్తుసార్లు జేసిన సార్, ఎత్తలే. ఒక్కసారి నన్ను పిలవనియ్యిండ్రి."

వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "నువ్వు ఊకో వదినె! ఆడోళ్ళు పిలుస్తరా? కొడుకు పిలవాలె. పోరడు సిన్నోడు, వాని తరఫున నేను పిలుస్త."

ఫోన్ కట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయనతో చెబితే, వాళ్ళింటి తగాదాలో మనం తలదూర్చకూడదన్నాడు. ఆయన చెప్పినదాంట్లో న్యాయముంది. ఇంటివాళ్ళ పద్ధతి అడగాలని నేర్పింది ఆయనే. కానీ ఆమె కూడా ఇంటివాళ్ళలో మనిషేగా?

మర్నాడు పాడె గోడ నీడలో దించాం. రూమ్‌వాళ్ళు అటూ ఇటూ నిలబడ్డారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, వీడియో కాల్ పట్టుకున్న కుర్రాడి చేతిని శవం చెవి దగ్గరికి, మొహం కనబడేలా జరిపాను. తెరమీద తమ్ముడు గొంతు సవరించుకుంటున్నాడు.

"తమ్ముడూ, ఫోన్ మీ వదినకివ్వండి" అన్నాను. "ఇక్కడ మా దగ్గర భార్యే పిలవాలి. ఇక్కడి పద్ధతి అది."

అలాంటి పద్ధతేమీ లేదు. అప్పటికప్పుడు నా నోటికొచ్చింది. వెనకాల పెద్దాయన దగ్గాడు, కానీ కాదనలేదు. అక్కడ కాసేపు గుసగుసలయ్యాయి. తరవాత ఆమె మొహం కనిపించింది. ఏడ్చి ఏడ్చి వాచిపోయింది గానీ, అప్పుడు మాత్రం ఏడవడం లేదు.

"ఇగో" అంది. చాలా మామూలుగా అంది, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. "ఇగో, లెవ్వు. డ్యూటీకి యాళ్ళయితుంది."

ఆగాం. గోడ మీద పిచ్చుక ఒకటి దిగి, మళ్ళీ ఎగిరిపోయింది. రూమ్‌వాళ్ళలో ఒకడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఈ గొంతు వాళ్ళందరికీ తెలుసని అప్పుడర్థమైంది. ఆ రూమ్ మొత్తం ఆమె ఫోనుకే లేచేదట.

"లెవ్వయ్యా. బస్సు వోతది."

మళ్ళీ ఆగాం. నిజం చెబుతున్నాను, లేస్తాడేమోనని నేను అతని కనురెప్పలే చూశాను.

మూడోసారి ఆమె తెరకు బాగా దగ్గరగా వచ్చి, భర్త మొహం చూస్తూ ఉండిపోయింది.

"వద్దుతియ్" అంది మెల్లగా. "పండుకో. ఇయ్యాల డ్యూటీ లేదు నీకు."

అక్కడ గొడవ మొదలైంది. "గట్లంటవేంది వదినె! మూడోసారి గూడ లెవ్వమనే పిలవాలె! సార్, అది లెక్కకు రాదు, మళ్ళ పిలిపియ్యిండ్రి!" అని తమ్ముడు అరుస్తున్నాడు. ఇంకెవరో ముసలాయన కూడా అందుకున్నాడు. పాడె చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు. పెద్దాయన కూడా ఏం చేస్తానా అని నన్నే చూస్తున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"మూడుసార్లూ పిలిచింది. ఎత్తండి" అన్నాను.